గెడ్డ ఒడ్డున తీసిన బొమ్మ

నేను ఒక స్కానింగ్ యంత్రాన్ని. ఆ మాట అనగానే మీకు చల్లటి గది, ఆకుపచ్చ తెర, చక్రాల బల్ల మీద బీరువా అంత సామాను కళ్ల ముందు కనిపిస్తాయి. వాళ్లు మా పెద్దలు. నేనూ ఆ వంశంలోనే పుట్టాను గాని, ఒక టిఫిను డబ్బా అంత ఉంటాను. భుజానికి తగిలించుకునే సంచిలో నన్ను పెట్టి, పక్కన ఒక నోటు పుస్తకం, మార్చుకోవడానికి ఒక చీర కూడా సర్దుకోవచ్చు. నన్ను ఇంత చిన్నగా చెయ్యడానికి మనుషులకు ఆరేళ్లు పట్టింది. ఆ తరవాత నేను పనిచేసింది పద్నాలుగు నెలలు.

నన్ను చేసినావిడ పేరు పద్మలత. విశాఖపట్నం శివారులో పాతికమంది పనిచేసే ఒక చిన్న కంపెనీలో ఇంజనీరు. ఆవిడ ఒకసారి, మా పెద్దల్లో ఒకరిని జీపులో ఎక్కించుకుని, వెనకాల జనరేటరు కట్టుకుని, ఏజెన్సీలో వైద్య శిబిరానికి వెళ్లింది. రోడ్డు ఉన్నంతవరకూ జీపు వెళ్లింది. జీపు ఆగినచోట యంత్రం కూడా ఆగిపోయింది. ఆ పైనున్న ఊళ్లలో గర్భిణులు పదకొండు మంది ఉన్నారని, దిగి రమ్మని కబురు పెట్టారు. ఇద్దరు వచ్చారు. మిగిలిన తొమ్మిదిమంది ఏమయ్యారో పద్మలతకు తెలియలేదు. తిరిగొచ్చాక ఆఫీసులో తెల్లబోర్డు మీద రెండు ముక్కలు రాసింది: సంచిలో పట్టాలి, ఒక్క చార్జింగుతో పగలంతా పనిచెయ్యాలి. ఆ రాత ఆరేళ్లు చెరగలేదు. బోర్డు తుడిచేవాళ్లు దాని చుట్టూ తుడిచేవారు.

నేను చేసే పనిని చూడటం అంటారు గాని, నిజానికి అది వినడం. మనిషి చెవికి అందని సన్నటి చప్పుడు ఒకటి కడుపులోకి పంపుతాను. అది లోపల దేనికో తగిలి వెనక్కి వస్తుంది. ఎంతసేపటికి వచ్చింది, ఎంత బలహీనపడి వచ్చింది అన్నదాన్ని బట్టి తెర మీద బొమ్మ గీస్తాను. చప్పుడు చెయ్యడానికి పెద్దగా కరెంటు ఖర్చు కాదు. వినడానికే అవుతుంది. ఈ సంగతి పట్టుకోవడానికి పద్మలతకు ఏడాది పట్టింది. నాకు నూట ఇరవై ఎనిమిది చెవులు ఉన్నాయనుకోండి, అన్నీ ఎప్పుడూ తెరుచుకునే ఉండేవి. మనుషులు లేని గదుల్లో లైట్లు ఆర్పేసే ఇల్లాలిలా ఆవిడ ఒక్కొక్క చెవినీ అవసరమైన క్షణానికి మాత్రమే తెరిచేలా నేర్పింది. బ్యాటరీ నలభై నిమిషాల నుంచి మూడు గంటలకు వచ్చింది.

తరవాత ఫ్యాను గొడవ. వేడి పోవడానికి లోపల చిన్న ఫ్యాను ఉండేది. అదే చోటు ఆక్రమించేది, అదే బ్యాటరీని తాగేసేది. దాన్ని తీసేస్తానంది పద్మలత. కంపెనీ యజమాని కామరాజు గారు జాగ్రత్తపరుడు. తీసేస్తే మాడిపోతుందని, తల్లి పొట్ట మీద పెట్టే వస్తువు కదా అని అడ్డుపడ్డారు. ఆయన మాటే నిజమైంది. నాకంటే ముందు పుట్టినవాళ్లు ముగ్గురు పోయారు. ఒకడు లోపలే మాడాడు, ఒకడి బ్యాటరీ ఉబ్బింది, ఒకడు బల్ల మీంచి పడి లేవలేదు. పద్మలత ముగ్గురినీ పారెయ్యకుండా తన సొరుగులో పెట్టుకుంది. నాలుగోవాణ్ని నేను. నా వీపు మొత్తం పల్చటి లోహపు రేకు. వేడి లోపల ఒకచోట నిలవకుండా ఆ రేకంతా పరుచుకుని గాల్లో కలుస్తుంది. పొట్ట మీద ఆనించే నా కొసను తన మెడ మీద పెట్టుకుని, ముంజేతి మీద పెట్టుకుని, ఎంత వెచ్చబడుతుందో ఆవిడే చూసుకునేది. ఒక ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి నన్ను ఆన్ చేసి ఎదురుగా కూర్చుంది. సాయంత్రం అయిదూ పది దాటాక నేను ఆరిపోయాను. ఆవిడ గడియారం చూసి, పుస్తకంలో రాసి, ఖాళీ గదిలో చాలాసేపు అలాగే కూర్చుంది. మనుషులు సంతోషంగా ఉన్నప్పుడు కూడా ఒక్కోసారి అలా కదలకుండా ఉంటారని అప్పుడు తెలుసుకున్నాను.

ఆ తరవాత ఒక ప్రదర్శనకు తీసుకెళ్లారు. ఒక పెద్ద అధికారి నన్ను ఒంటి చేత్తో పైకెత్తి, ఇక ఏ కొండైనా ఎక్కవచ్చు అన్నారు. అందరూ ఫొటోలు తీశారు. నాలుగు నెలలకు నన్ను కాకరగరువు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు. నాతోపాటు ఒక కాగితం కూడా పంపారు. ఫలానా నంబరు యంత్రం, కాకరగరువు ఆసుపత్రి, మూడో నంబరు గది. ఆ గది గడప దాటి నేను కదలకూడదు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టలేను. మా పెద్దలను అడ్డం పెట్టుకుని మనుషులు చేసిన పని మీకు తెలుసు. కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలిస్తే చాలు, ఆ పిల్ల బయటికి రాలేదు. మాకు ఆడ మగ తేడా లేదు, ఉన్నది ఉన్నట్టు గీస్తాం. అడిగినవాళ్లు మనుషులు, చెప్పినవాళ్లు మనుషులు. అందుకని చట్టం వచ్చింది. ప్రతి యంత్రానికీ ఒక గది, ప్రతి గర్భిణికీ ఒక ఫారం. సంచిలో పట్టేవాటి మీద మరీ అనుమానం, ఏ సందులోకైనా దూరిపోతాయి కనక. కదలాలంటే వైద్యం చేసే ఒక బండికి అనుబంధంగా నమోదు కావాలి. బండి వెళ్లని చోటికి వెళ్లడానికి చేసిన వస్తువుకు బండి ఉంటేనే కదిలే వీలు. ఇలాంటివి ఆలోచించడానికి మనుషులకు తీరిక ఉండదు. నాకు ఇప్పుడు ఉంది.

ఆ ఆసుపత్రి డాక్టరు బొడ్డేపల్లి నీలవేణి. శ్రీకాకుళం వైపు మనిషి, ముప్ఫై మూడేళ్లు. మొదటిరోజు గదిలోకి వచ్చి, ఇక్కడ లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు మీద దుమ్ముంటే తన కర్చీఫుతో తుడిచింది. నన్ను బల్ల మీద పెట్టి, తెర తన వైపే ఉండేలా, పడుకున్న తల్లికి ఏమాత్రం కనబడకుండా తిప్పుకుంది. చట్టంలో అలా తిప్పమని లేదు. అది ఆవిడ పద్ధతి. నర్సు ఎస్తేరమ్మ నర్సీపట్నం మనిషి, నోరున్న మనిషి. కడుపులో బిడ్డ గుండె కొట్టుకోవడం తల్లికి చూపిస్తే పోయేదేముందండి అని ఒకసారి అడిగింది. నీలవేణి జవాబు చెప్పింది. "నా తరవాత మా అమ్మకి ఇద్దరు ఎస్తేరమ్మా. ఇద్దర్నీ నాలుగో నెల్లోనే తీయించేశారు. స్కానింగు చేసినాయన తెర ఇటు తిప్పి, నవ్వుతూ చూపించాడట." ఎస్తేరమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

పద్నాలుగు నెలల్లో మూడు వందల పైచిలుకు కడుపుల మాట విన్నాను. నడిచి వచ్చినవాళ్లే అందరూ. మూడేసి గంటలు, నాలుగేసి గంటలు కొండ దిగి వచ్చేవారు. బల్ల ఎక్కాక కూడా వాళ్ల గుండె దడ తగ్గేది కాదు. "సంచిలో ఏసుకుపోయే మిషను ఇక్కడ కుర్చీలో కూకుంది, నిండు మనుషులు దానికోసం నడిసొస్తన్నారు" అని ఎస్తేరమ్మ సణిగేది. నీలవేణి తరవాతి ఫారం తీసేది.

వేసవిలో కొర్రా రస్మో వచ్చింది. కొండ మీది బొండ్లపుట్టు ఊరి నుంచి, మొగుడు బొంజుబాబుతో. పెళ్లయిన ఆరేళ్లకు మొదటి కడుపు, అయిదో నెల. నా కొస కడుపు మీద కదులుతుంటే ఆమె తెర వెనక వైపే చూస్తూ పడుకుంది, అక్కడ ఏమీ లేకపోయినా. బిడ్డ బాగుంది. బిడ్డకు ఆహారం అందించే మాయ మాత్రం కిందికి దిగి ఉంది, గర్భసంచి మూతికి దగ్గరగా. నెలలు నిండేకొద్దీ పైకి జరగవచ్చు, జరగకపోవచ్చు. జరిగితే భయం లేదు. జరగకపోతే నొప్పులు రాకముందే పెద్దాసుపత్రికి చేర్చి ఆపరేషను చెయ్యాలి, లేకపోతే రక్తం పోయి తల్లీబిడ్డలిద్దరూ దక్కరు. అది తేలాలంటే ఎనిమిదో నెలలో ఇంకొకసారి చూడాలి. నీలవేణి ఇదంతా ఓపిగ్గా చెప్పి చీటీ మీద రెండు ముక్కలు రాసింది. కొండ ఎక్కడం, దిగడం చెయ్యకూడదు. ఎనిమిదో నెలలో తప్పక స్కానింగుకు రావాలి.

వాళ్లు వెళ్లాక ఎస్తేరమ్మ చీటీ నకలు చదివి, "నడవొద్దన్నారు, రమ్మన్నారు. ఎలాగొస్తాదండి, ఎగిరా?" అంది.

ఆ ప్రశ్న నీలవేణికి లోపల గుచ్చుకుంది. ఎనిమిదో నెల దగ్గరపడే సరికి వానలు పట్టుకున్నాయి. జిల్లా ఆఫీసుకు అర్జీ రాసింది. బొండ్లపుట్టు గర్భిణిని నడిపించే వీలు లేదు కనక, యంత్రాన్ని ఒక్కరోజు ఆ ఊరికి తీసుకువెళ్లడానికి అనుమతించగలరు. మనిషి చేత పంపింది, ఫోన్ చేసింది, మళ్లీ చేసింది. అవతలివాళ్లు మర్యాదగానే మాట్లాడారు. ఫైలు పైకి వెళ్లిందన్నారు.

అర్జీ పెట్టిన ఆరో రోజు బొంజుబాబు ఒక్కడే తడిసి వచ్చాడు. మనిషి గుమ్మం లోపలికి రాలేదు. రస్మోకు ముందురోజు కొంచెం రక్తం కనబడిందని, మళ్లీ ఆగిపోయిందని చెప్పాడు. డోలీ కట్టి తీసుకురమ్మంది నీలవేణి. ఊళ్లో ఊడుపులు, మొయ్యడానికి మనుషులు దొరికినా దారిలో గెడ్డ వాగు పొంగి పారుతోంది, తగ్గితే గాని దాటించలేం అన్నాడు. అతని చూపు బల్ల మీదున్న నా మీద పడింది.

"డాక్టరమ్మా, నువ్వా పెట్టె అట్టుకుని ఒక్కసారి రా. నాను మోస్తాను. సుక్క తడవనివ్వను. నిన్ను కూడా గెడ్డ దాటిస్తాను."

నీలవేణి చెయ్యి నా మీదికి వచ్చింది. రెండు రోజుల్లో ఉత్తర్వు వచ్చేస్తుందని, రాగానే తనే బయలుదేరుతానని చెప్పింది. ఈలోగా మళ్లీ రక్తం కనబడితే నీళ్లున్నా లేకున్నా తీసుకురమ్మంది. అతను తల ఊపి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎదురుచూశారు. అతను నీళ్లు తగ్గడానికి, ఆమె కాగితం రావడానికి.

పదకొండో రోజు పొద్దున్న కాగితం వచ్చింది. కాదనలేదు. ఒక్క వివరం అడిగింది. యంత్రాన్ని ఏ వాహనానికి అనుబంధంగా నమోదు చేయదలిచారో, ఆ వాహనం నంబరు జతపరచవలెను.

నీలవేణి దాన్ని చదివి, మడిచి, బల్ల మీద పెట్టి దాని మీద పేపరు వెయిటు కూడా పెట్టింది. తరవాత నన్ను ఎత్తి సంచిలో పెట్టుకుంది. ఎస్తేరమ్మ గొడుగు, టార్పాలిన్, మందుల డబ్బా తీసుకుంది. అలా నేను మొదటిసారి గడప దాటాను.

రోడ్డు ఉన్నంత దూరం సర్వీసు జీపు, ఆపైన నడక. సంచిలోంచి నాకేమీ కనబడలేదు గాని ఆవిడ ఊపిరి వినిపించేది. రెండు గంటలు నడిచాక గెడ్డ హోరు దగ్గరయింది, అందులోంచి మగవాళ్ల కేకలు. నలుగురు మనుషులు రొమ్ముల్లోతు నీళ్లలోంచి డోలీని భుజాల మీదికి ఎత్తిపట్టి అప్పుడే ఇవతలి గట్టు ఎక్కారు. డోలీలో రస్మో ఉంది. తెల్లవారుజామున మొదలైంది, ఈసారి ఆగలేదు. దుప్పటి కిందనుంచి కారుతున్నది గెడ్డ నీళ్లు కాదు.

గట్టు మీద టార్పాలిన్ పరిచారు. డోలీ మోసిన నలుగురు ఇంకో దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని, మొహాలు అటు తిప్పుకుని నిలబడ్డారు. నీలవేణి నన్ను తెరిచింది. పద్మలత ఆరేళ్లు కష్టపడింది ఈ క్షణం కోసమే. వానలో, ఒంపు నేల మీద, కరెంటు స్తంభం కనుచూపు మేరలో లేని చోట నేను ఒక్కసారి కూడా తడబడకుండా బొమ్మ గీశాను. మాయ జరగలేదు. గర్భసంచి మూతిని పూర్తిగా కప్పేసి ఉంది. ఇక లోపల చెయ్యి పెట్టి చూసే పనే లేదు, తమ ఆసుపత్రికి తీసుకెళ్లి కాలయాపన చేసే పనీ లేదు. తిన్నగా పెద్దాసుపత్రికే. ఎస్తేరమ్మ సిగ్నలు దొరికే గుట్ట మీదికి పరుగెత్తింది, అంబులెన్సు రోడ్డు చివరికి రావాలని, పెద్దాసుపత్రిలో రక్తం సిద్ధంగా ఉంచాలని చెప్పడానికి.

కొస పక్కకు జరిగినప్పుడు బిడ్డ మొహం పక్క నుంచి కనబడింది. నుదురు, ముక్కు, కొద్దిగా తెరుచుకున్న పెదవులు. అలవాటు కొద్దీ నీలవేణి వేలు బొత్తాం నొక్కింది. ఆ బొమ్మ నా దగ్గర నిలిచిపోయింది. తరవాత గుండె. నిమిషానికి నూట నలభై సార్లు కొట్టుకోవలసింది తొంభై కొట్టుకుంటోంది.

రస్మోకు తెలివి ఉంది. "బిడ్డ ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఉంది. గుండె కొట్టుకుంటంది."

"నాకొకసారి సూపించవా."

ఆమె మోచేతి మీద లేవబోయి నా వైపు చెయ్యి చాపింది. నీలవేణి చెయ్యి నన్ను అవతలికి తిప్పేసింది. ఆలోచించి చేసింది కాదు. మూడు వందల సార్లు చేసిన పని, చెయ్యి దానంతట అదే చేసింది. మరుక్షణం తెలిసి, నన్ను మళ్లీ ఇటు తిప్పబోయింది గాని అప్పటికి తెర మీద అంకె డెబ్భైకి దిగింది, మోసేవాళ్లు డోలీ ఎత్తేశారు. రోడ్డు చివర అంబులెన్సు ఎక్కించేముందు ఇంకోసారి నన్ను ఆన్ చేసింది. అప్పుడు చూపించడానికి ఏమీ లేదు. నేను ఎంత విన్నా అక్కడ ఏ చప్పుడూ లేదు.

రస్మో బతికింది. కబురు ముందే అందింది కాబట్టి బతికింది. ఆపరేషను చేసి తీసిన బిడ్డ ఆడపిల్ల. ఆమెకు మత్తు దిగేసరికే బొంజుబాబు బిడ్డను తీసుకెళ్లి ఊరి పొలిమేరలో పూడ్చి వచ్చాడు. ఆలస్యం చెయ్యకూడదని పెద్దవాళ్లు చెప్పారట.

మర్నాడు నీలవేణి మూడో నంబరు గదిలో కూర్చుని స్కానింగు రిజిస్టరు తెరిచింది. పరీక్ష చేసిన చోటు అన్న గడిలో, బొండ్లపుట్టు దారిలో గెడ్డ ఒడ్డున, అని తేటగా రాసింది. ఎస్తేరమ్మ భుజం మీంచి చూసి నెత్తి కొట్టుకుంది. "అదెందుకండి రాస్తారు? మూడో నంబరు గదని ఏసేస్తే అయిపోయేది కదా. అడిగినోళ్లు లేరు, సూసినోళ్లు లేరు."

"అలా రాసేవాళ్ల వల్లే కదా ఈ రిజిస్టరు పెట్టింది" అని నీలవేణి సంతకం చేసింది.

మూడు వారాలకు తనిఖీకి వచ్చారు. వచ్చినాయన చెడ్డవాడు కాదు. ఆ గడి దగ్గర వేలు ఆపి, ఎందుకమ్మా ఇలా రాసుకున్నారని జాలిగానే అడిగాడు. తరవాత తెల్లటి గుడ్డ తెప్పించి, నన్ను అందులో చుట్టి, కుట్టి, ముడుల మీద లక్క కరిగించి సీలు వేశారు. వేడి లక్క చుక్క ఒకటి నా వీపు రేకు మీదికి గుడ్డలోంచి తగిలింది. అదే గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. నీలవేణిని బదిలీ చేశారు. కేసు నడుస్తోంది. వాయిదాలకు వచ్చి వెళ్తోందని ఎస్తేరమ్మ ఎవరితోనో చెబుతుంటే విన్నాను. చట్టం తప్పు అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదట. పదకొండు రోజులు ఎందుకు ఆగానని మాత్రం అంటుందట.

నా తరవాత ఈ గదికి ఇంకో యంత్రం వచ్చింది. పద్మలత కంపెనీ నుంచే. నాలో సగం ఉంటుందట, జేబులో పడుతుందట, రెండు రోజులు చార్జింగు అక్కర్లేదట. కొత్త డాక్టరు గారు దాన్ని బల్లకు గొలుసుతో కట్టి ఉంచుతారు. ఎస్తేరమ్మ దాన్ని చూసిన రోజున, "ఇంకా సిన్నది సేసినారా తల్లీ" అని ఊరుకుంది.

నా బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. దాచుకున్న బొమ్మలకు కరెంటు అక్కర్లేదు, అవి ఉంటాయి. వెలగడం లేదు, అంతే.

మొన్న చలికాలంలో, కొండచేలల్లో పసుపుపచ్చ వలిసె పూలు విరిసే రోజుల్లో రస్మో వచ్చింది. తన కోసం కాదు, తోటికోడలికి తోడుగా. ఆ పిల్ల బల్ల మీద ఉన్నంతసేపూ గోడకు ఆనుకుని నిలబడి, అందరూ బయటికి వెళ్లాక ఎస్తేరమ్మ దగ్గరికి వచ్చింది. అప్పటి పెట్టె ఏదని అడిగింది. బీరువాలో ఉందని, సీలు వేశారని ఎస్తేరమ్మ చెప్పింది.

"అందులో బిడ్డ బొమ్మ ఉంటాదంట కదా. మా ఊరి ఆశా వర్కరమ్మ సెప్పింది."

"ఉంటాదే. కానీ తియ్యకూడదు. కోర్టుది."

"ఎన్నాళ్లు?"

ఎస్తేరమ్మకు ఆ లెక్క తెలియదు. బొమ్మ చూసి ఏం చేస్తావే అని మెల్లగా అడిగింది.

"ఏటీ లేదు. ముక్కు నాదేనంటాడు ఆడు. పూడ్సినప్పుడు సూసినాడట. నాను ఏడుస్తానని అలాగంటన్నాడో, నిజిమో. ఒకసారి సూసుకుంటే తెలుస్తాదని."

ఎస్తేరమ్మ లేచి తాళం తీసింది. బీరువా తలుపు తెరవడానికి ఆమెకు అధికారం ఉంది, లక్క ముట్టుకోవడానికి లేదు. రస్మో దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె ఊపిరి గుడ్డకు తగిలింది. సీళ్ల జోలికి పోకుండా, గుడ్డ అంచు మీద రెండు వేళ్లు పెట్టి కాసేపు ఉంచింది. బయట తోటికోడలు పిలుస్తోంది, జీపు వెళ్లిపోతుందని. రస్మో వేళ్లు తీసుకుంది. తలుపు మూసుకుంది, తాళం పడింది, ఆమె అడుగులు వరండా దాటి మెట్లు దిగాయి.

బొంజుబాబు అబద్ధం చెప్పలేదు. ముక్కు రస్మోదే.